మార్‌డేల్ ఊపిరి డబ్బా

నార్మన్ క్రాబ్‌ట్రీ ఆ మోటారుసైకిలును హాలిఫాక్స్ ఊరి అవతల ఒక కోళ్ల పాకలోంచి తెచ్చుకున్నాడు. సీటు మీద రెట్టలు ఇంకా ఎండలేదు. "కోళ్లకే అక్కర్లేనిదాన్ని నెత్తికెత్తుకొచ్చావు," అంది భార్య డోరీన్.

అది 1934 నాటి మార్‌డేల్. దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ యుద్ధానికి ముందే మూతపడింది. మిగిలింది మార్‌డేల్ యజమానుల సంఘం ఒక్కటే. పాతికమంది పెద్దమనుషులు నెలకోసారి పబ్బు మేడమీద చేరి, బీరు తాగుతూ, ఎదుటివాడి బండిలో ఏ మరమేకు తప్పో చెప్పుకుంటారు. బండి తోలడం తక్కువ, తుడవడం ఎక్కువ. వీళ్లు పరీక్షించి ‘అసలు సిసలు మార్‌డేల్’ అని కాగితం ఇస్తేనే వసంతంలో జరిగే ఊరేగింపులో చోటు. ముప్ఫై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన నార్మన్‌ను ఊళ్లో ఎవరూ తలెత్తి చూసింది లేదు. ఒక్కసారైనా ఆ ఊరేగింపులో, జనం చూస్తుండగా వెళ్లాలి. ఆ పిచ్చే అతన్ని పట్టుకుంది.

సామాను కోసం తిరగని సంత లేదు. వానలో, బురదలో, టార్పాలిన్ పట్టాల మీద తుప్పు కుప్పలు పోసుకుని కూర్చున్నవాళ్లను అడిగాడు. అడిగినదానికి జవాబు చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. క్లచ్చు గురించి అడిగితే ఒకడు తన మోకాలి ఆపరేషన్ కథంతా చెప్పాడు. ఇంకొకడి దగ్గర కావలసిన గేరు చక్రం ఉంది గానీ అమ్మడట. ఏం చేసుకుంటావయ్యా అంటే, "ఉండనీ" అన్నాడు. గడ్డివాములో కుక్కకు వీడు అన్నగారు. అయినా నార్మన్ ఎలాగో అన్నీ పోగుచేశాడు, ఒక్క ఊపిరి డబ్బా తప్ప.

ఆ పేరు పెట్టింది సంఘం పెద్ద సెడ్రిక్ పోలార్డ్. కంపెనీ కేటలాగు బొమ్మలో సీటు కింద కొక్కేనికి ఒక గుండ్రటి డబ్బా వేలాడుతుంటుంది. ఇంజను ఆవిరి చల్లబడడానికట. దొరికిన పాత బండ్లలో దేనికీ అది లేదు. లేకపోతేనేం, తుప్పుపట్టి ఊడిపోయాయని సెడ్రిక్ సిద్ధాంతం. బొమ్మ చూసి అందరూ రాగిరేకుతో చేయించుకున్నారు. బొమ్మలో డబ్బా పక్కన చిన్న సొట్ట ఉంది. గాలి సుడి తిరగడానికని సెడ్రిక్ తేల్చాడు. దాంతో పాతికమందీ కొత్త డబ్బాలకు సుత్తులతో కొలిచి మరీ సొట్టలు పెట్టుకున్నారు. చదువుకున్నవాళ్లే అందరూ.

నకలు కాదు, అసలు డబ్బానే సంపాదించి వీళ్ల నోళ్లు మూయించాలని నార్మన్ పంతం. పాత ఫ్యాక్టరీ పేటలో పేపర్ల కొట్టు అద్దానికి చీటీ అంటించాడు, మార్‌డేల్‌లో పనిచేసినవాళ్లెవరైనా ఉంటే కబురు పెట్టమని. ఎల్సీ హాగ్ అనే డెబ్భై ఏళ్ల ఆవిడ టీకి పిలిచింది. వాళ్ల నాన్న వాల్టర్ అక్కడ బిగింపు పని చూసేవాడు.

నార్మన్ కేటలాగు తెరిచి వేలు పెట్టి చూపించాడు. ఎల్సీ కళ్లద్దాలు సర్దుకుని చూసి, పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఇది మా నాన్న పనికి టీ పోసుకెళ్లే డబ్బా నాయనా! ఫొటోవాడొచ్చిన రోజు కొక్కేనికి తగిలించి మర్చిపోయాడు. ఆ సొట్ట చూడు, మా అమ్మ చేతిలోంచి జారి పడ్డప్పటిది. పాతికేళ్లు చాకిరీ చేసినా నాన్న ఫొటో ఒక్కటీ తియ్యలేదక్కడ. ఆయన డబ్బా మాత్రం పడింది!" ఆ బొమ్మను వేలితో నిమిరింది. "మీ వాళ్లతో చెప్పి దీని కింద ఒక్క ముక్క వేయించవూ? వాల్టర్ హాగ్ టీ డబ్బా అని. అంతే."

"అదెంత పనమ్మా," అన్నాడు నార్మన్. అప్పుడు నిజంగానే అన్నాడు.

తర్వాతి సమావేశానికి ఆవిడను వెంటబెట్టుకెళ్లాడు. ఎల్సీ అంతా చెప్పింది. మొదట తేరుకున్నవాడు సెడ్రిక్.

"అమ్మా, మీ నాన్నగారు గొప్ప పనివాడే అయ్యుంటారు. కానీ కేటలాగు అబద్ధం ఆడదు."

"కేటలాగు ఆడట్లేదు బాబూ, నువ్వాడుతున్నావు," అంది ఎల్సీ.

వెనక నుంచి ఒకాయన లేచి, "దాని మూతకి గీతలు మూడా నాలుగా, గుర్తుందా?" అని అడిగాడు. ఆయన బెంగ ఆయనది. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పాతికమందీ ఒట్టేసుకుని కూర్చున్నచోట నాలుగో కాలు చూపించి ఏం లాభం? ఓటింగు పెట్టారు. ఊపిరి డబ్బా అసలు భాగమే అనేవాళ్లు చేతులెత్తాలి. పనిలో పనిగా సెడ్రిక్ నార్మన్ వైపు తిరిగి మెత్తగా అన్నాడు: "నీ కాగితం కూడా సంతకానికి సిద్ధంగా ఉంది క్రాబ్‌ట్రీ. ఒక డబ్బా నేనే ఇస్తాలే, తగిలించుకో."

చేతులు లేచాయి. నార్మన్ చెయ్యి మొదట చెవి దాకా వెళ్లింది, గోక్కుంటున్నట్టు. అక్కణ్ణుంచి పైకి లేచింది. ఎల్సీ కుర్చీలో పక్కకు తిరిగి, ఆ చెయ్యి దిగేదాకా చూసింది.

నార్మన్ కిందికి వచ్చేసరికి ఆవిడ బస్సు కోసం నిలబడి ఉంది. అతని ఒక చేతిలో కాగితం, ఒక చేతిలో సొట్ట పడిన కొత్త డబ్బా.

"మిస్ హాగ్, మీరు తప్పుగా అనుకోకండి. వాళ్లు కాగితం ఇవ్వకపోతే..."

"నేనేం అనుకోలేదు నాయనా. కేటలాగు అచ్చయ్యాక యజమాని ఈ దరిద్రపు డబ్బా ఎవడిదని అరిస్తే, మా నాన్న కూడా నాది కాదనే చెప్పాడు." బస్సు వచ్చి ఆగింది. ఆవిడ మెట్టెక్కి వెనక్కి తిరిగింది. "కాకపోతే ఆయనకి ఇంట్లో ఐదుగురు పిల్లలు. నీకేముంది, ఈ రేకు డబ్బానా?"