డ్రమ్మర్ మీద తగువు

"గిటారిస్టు వెళ్ళిపోయాకే ఆ బ్యాండు బాగుపడింది" అని షారోన్ మైకులో అన్న ఒక్క మాట, రెండువేల ఎనిమిది వేసవిలో ఆమెకు ఎక్కడెక్కడి నుంచో తిట్లు తెచ్చిపెట్టింది.

షారోన్ గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయించేది. ఆమెతో చదువుకున్న బాలు మిర్చి యార్డులో నాన్న కమీషన్ కొట్టు చూసుకునేవాడు. ఇద్దరికీ కాలేజీ రోజుల నుంచీ ఒకటే పిచ్చి. 'గ్రే ఫెర్రీ' అనే పాత ఇంగ్లీషు రాక్ బ్యాండు. వాళ్ళు పుట్టేనాటికే చీలికలు పేలికలైన ఆ బ్యాండు గురించి, అరండల్‌పేటలో బాలు వాళ్ళ మేడమీద గదిలో కూర్చుని తెలుగులో మాట్లాడి, రికార్డు చేసి, ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్ళు. పాడ్‌కాస్ట్ అంటే ఏమిటో వాళ్ళ ఇళ్ళలోనే ఎవరికీ తెలియదు. అయినా వినేవాళ్ళు తయారయ్యారు. ఒంగోలు నుంచి, బాపట్ల నుంచి, హైదరాబాదు హాస్టళ్ళ నుంచి అభిప్రాయాలు రాసేవాళ్ళు.

ఈసారి రాసినవాళ్ళంతా మండిపడ్డారు. గిటారిస్టు వాళ్ళకు దేవుడు. పాట మధ్యలో అతనొక్కడే వాయించే సోలోలను షారోన్ పెళ్ళి ఊరేగింపుతో పోల్చింది. ఎంతసేపు తిరిగినా విడిది చేరదంది. చివరి రికార్డులో అతను లేడు గనకే డ్రమ్మర్ చెయ్యి వినబడిందనీ, ఆ బ్యాండుకు ప్రాణం డ్రమ్మరేననీ తేల్చేసింది.

బాలు ఒక్కొక్కటే చదువుతున్నాడు.

"'వంటల గురించి చెప్పుకోండి మేడమ్, రాక్ మాకొదిలేయండి.' ఇంకోటి విను. 'డ్రమ్ములే కావాలంటే మా ఊరి బ్యాండుమేళం వింటాం, మీరెందుకు?'"

షారోన్ పకపకా నవ్వింది. "ఇది బాగుందిరా."

"నవ్వులాటగా ఉందా? ఒక సారీ చెప్పేద్దాం. వినేవాళ్ళే పోతే ఎవరితో మాట్లాడతాం?"

"తప్పు చెబితే సారీ చెప్తాను. నేనేం తప్పు చెప్పాను?"

"తప్పని కాదు, వాళ్ళ మనసు..."

"నచ్చలేదన్నారు. మంచిదే. వచ్చేవారం ఇవన్నీ నేనే చదువుతా, ఒక్క అక్షరం మార్చకుండా. ఎదురుగా కూర్చుని వాదిస్తానన్నవాళ్ళకి కుర్చీ వేద్దాం. నీ నంబరు చెప్తాను."

"నా నంబరెందుకు?"

"నేను క్లాసులో ఉంటాగా."

అన్నట్టే చదివింది. వంటల పెద్దమనిషికి, "వంట కూడా బాగానే చేస్తానండీ. గోంగూర పచ్చడి మీద పాడ్‌కాస్ట్ పెట్టిన రోజు మొదటి కబురు మీకే" అని జవాబిచ్చింది.

రెండు రోజుల తర్వాత యార్డులో బస్తాల మధ్య నిలబడి ఉండగా బాలు ఫోను మోగింది.

"బాలు గారేనా? అద్దంకి నుంచండీ. నా పేరు కోటిరత్నం. మీరు చెప్పింది శుద్ధ తప్పు."

వేలంపాట గోలలో బాలుకు సగమే వినబడింది. "ఏ సరుకండీ? కాయ తెచ్చారా?"

"కాయ కాదు నాయనా, గిటారు! ఆదివారం వస్తున్నాను. మీ ఇల్లెక్కడో చెప్పు, ఆ అమ్మాయిని అక్కడ ఉండమను."

ఆదివారం మధ్యాహ్నం నేత చీర కట్టుకుని, చేతిలో నీళ్ళ సీసాతో, యాభై దాటిన ఒకావిడ బాలు వాళ్ళ మేడమెట్లెక్కి వచ్చింది. అద్దంకిలో ఒక ఆసుపత్రిలో హెడ్‌నర్సు. నర్సింగ్ ట్రైనింగులో హాస్టల్ స్నేహితురాలి టేప్‌రికార్డర్‌లో గ్రే ఫెర్రీ విన్నదట. అప్పటినుంచీ వదల్లేదు. మేనకోడలు ఈ పాడ్‌కాస్టులన్నీ సీడీలో ఎక్కించి ఇస్తే, ఆదివారాలు వింటోంది.

"మా ఆయన మంచివాడే. నేనీ పాట పెడితే మాత్రం, కుక్కర్ కూతేసింది చూడమంటాడు" అంది కోటిరత్నం. "ఇన్నేళ్ళుగా ఇష్టపడుతున్నా గానీ, దీని గురించి నాతో పోట్లాడే మనిషే దొరకలేదమ్మా."

బాలు రికార్డింగ్ మొదలుపెట్టాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని సూటిగా విషయంలోకి వచ్చేసింది.

"ఊరేగింపన్నావు. ఊరేగింపు తొందరగా విడిది చేరడానికి చేస్తారా? ఊరంతా తిరగడానికేగా చేసేది!"

షారోన్ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"సరే ఆంటీ. పల్లకీలో కూర్చున్నవాడు అందరికీ కనబడతాడు. మోసేవాడెవరు? ఆ డ్రమ్మర్ అడుగు తడబడితే మీ పెళ్ళికొడుకు రోడ్డు మీద ఉంటాడు."

"మోసేవాణ్ణి చూడ్డానికి ఊరు బయటికి రాదమ్మా!"

వాదన అలా ఊపందుకుంది. బాలు కూడా నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయాడు. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరిచి చచ్చిపోయింది. బాలు తల పట్టుకున్నాడు.

"సేవ్ చెయ్యలేదు. అంతా పోయింది."

"పోతే పోనీ" అంది కోటిరత్నం. "కరెంటు వచ్చాక మళ్ళీ మొదలెడదాం. నేను చెప్పాల్సింది సగం కూడా చెప్పలేదు."

ముగ్గురూ వరండాలోకి వచ్చారు. బాలు వాళ్ళమ్మ టీ పంపింది. షారోన్ గిటార్ తెచ్చి, తాను ఎప్పుడూ దాటేసే ఆ పెద్ద సోలో నెమ్మదిగా మొదలుపెట్టింది. కోటిరత్నం పిట్టగోడ మీద వేళ్ళతో దరువు వేస్తూ, "అక్కడ ఆగకు, ఇంకా పైకెళ్ళు" అంది. షారోన్ వెళ్ళింది. వింటున్నప్పుడు సాగదీతగా తోచిన చోట, వేళ్ళ కింద ఒక్కో స్వరం ముందుదాని భుజమెక్కి నిలబడింది. వీధిలో ఎవరో సైకిలాపి పైకి చూశారు. వాయించడం అయ్యాక ఆమె కాసేపు తీగల మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

కరెంటు వచ్చాక మళ్ళీ రికార్డు చేశారు. ఈసారి షారోన్ ముందుగానే చెప్పేసింది.

"సోలో మీద నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరికో భయపడి కాదు, ఇవాళ వాయించి చూశాను కాబట్టి. డ్రమ్మర్ విషయంలో మాత్రం అంగుళం కదలను."

"కదలొద్దు" అంది కోటిరత్నం ఉత్సాహంగా. "కదిలితే నేను బస్సెక్కి వచ్చింది దేనికి?"

ఆ ఎపిసోడ్‌ను అంతకుముందు దేనికీ లేనంత మంది విన్నారు. అభిప్రాయాలు చదివి చదివి బాలు గొంతు ఎండిపోయింది. షారోన్ అద్దంకికి ఫోన్ చేసింది.

"ఆంటీ, అందరూ మిమ్మల్నే మెచ్చుకుంటున్నారు."

"మెచ్చుకుంటే మెచ్చుకున్నార్లే. ఎవరూ కాదనలేదా?"

"ఒకాయన అన్నాడు. సైదా అట, చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్‌లో సూపర్‌వైజరు. మీరూ తప్పే, నేనూ తప్పేనట. ఆ బ్యాండుకి ప్రాణం, వెనకాల బొంగురుగా మోగే బేస్ గిటారట."

"బేసా?" అంది కోటిరత్నం. "ఆ అబ్బాయిని ఆదివారం రమ్మను. నేను మొదటి బస్సుకే వస్తాను."