క్యారమ్స్ బోర్డు మీద నాలుగో చెయ్యి

సాయంత్రం అంట్లు తోమడం కాగానే అమ్మ క్యారమ్స్ బోర్డు పక్కన సబ్బు నీళ్ల గిన్నె పెట్టేది.

కరోనాకి కాలేజీ మూతపడ్డాక కూతురి ఆటలన్నీ ఫోన్లోకి చేరాయి. కలిసి గ్రౌండుకి వెళ్లే నలుగురూ ఇప్పుడు వీడియో కాల్లో కలుసుకుంటున్నారు. కూతురు ఫోన్‌ని బోర్డు అంచున నిలబెడితే, తెరలోని మూడు గళ్లలోంచి మూడు చేతులు బయటికొచ్చి ఆడేవి. వీధిలో ఏ ఇంట చూసినా అదే వరస.

చేతులు వస్తే అమ్మకేం బాధ లేదు. వాటి వెంట ఏమొస్తుందోనని ఆవిడ భయం. గ్లౌజులు తొడుక్కుని ఒక్కో చేతినీ తనే కడిగేది. కూతురి చెయ్యి మాత్రం తెర దాటకూడదు.

"ఆంటీ, మీరిలా రుద్దితే నా చేతి గీతలు చెరిగిపోతాయి," అనేవాడు ఆ ముగ్గురిలో ఒకడైన బక్కోడు.

"పోతే కొత్తవి గీసుకో. బొటనవేలు చాపు."

బక్కోడు హాస్టల్లో ఒంటరిగా చిక్కుకుపోయాడు. సిగ్నల్ తలుపు దగ్గరే అందుతుందని, ఫోన్‌ని గడియ పక్కన మేకుకి తగిలించి నిలబడే ఆడేవాడు.

ఆ రోజు అతని చెయ్యి గిన్నె దాకా రాలేదు. బోర్డు మీద వాలిపోయింది. పట్టుకుంటే గ్లౌజులోంచి కూడా కాలుతోంది. గోళ్లు నీలంగా ఉన్నాయి. అమ్మ చూస్తుండగానే లోపలికి జారిపోయింది. ధబ్బుమని చప్పుడు. గడిలో ఖాళీ గోడ మిగిలింది.

కూతురు అమ్మ ఫోన్లోంచి వార్డెన్‌కి చెప్పింది. కాసేపటికి అవతల తలుపు బాదుతున్న మోత వినిపించింది.

"లోపల గడియ వేసుందమ్మా. ఇనుప తలుపు, ఊడిరావట్లేదు," అన్నాడు వార్డెన్.

కూతురు తెరలోకి చెయ్యి చాచబోయింది. అమ్మ జబ్బ పట్టి లాగేసింది.

"అమ్మా, వాడు చచ్చిపోతాడే."

"తెలుసు. నువ్వు జరుగు."

అమ్మ చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. జ్వరపు గది గాలి వెచ్చగా తగిలింది. గోడ, మేకు, గడియ. అది బిగుసుకుపోయింది. అమ్మ కళ్లు మూసుకుని లాగింది.

తలుపు తెరుచుకుంది.

అమ్మ భుజం దాకా తోముకుని, వెనక గదిలోకెళ్లి తలుపేసుకుంది. "కంచం గుమ్మంలో పెట్టు. దగ్గరికొచ్చావంటే ఊరుకోను," అంది. తనకు తుమ్మొచ్చినా, కూతురు దగ్గినా ఉలిక్కిపడుతూ పద్నాలుగు రోజుల గడువంతా అక్కడే గడిపింది.

ఆవిడ బయటికొచ్చిన సాయంత్రం కూతురు మళ్లీ బోర్డు వేసింది. ఆస్పత్రి సూది మచ్చలున్న బక్క చెయ్యి ఒకటి మెల్లగా తెర దాటింది. స్ట్రైకర్ జోలికి పోలేదు. తడుముకుంటూ గిన్నెలో మునిగి, వేళ్లు చాపి ఆగింది.

అమ్మ గ్లౌజుల కోసం వెతకలేదు.

"గోళ్లు పెరిగాయి," అంటూ రుద్దడం మొదలుపెట్టింది.