దాచిన చప్పుడు

దొర సూర్యాపేట విడిచి మిర్యాలగూడలో అల్లుడింట చేరి ఏడాది దాటింది. పోలీసు యాక్షన్ ముగిసినా తిరిగి రాలేదు. గడీలో మిగిలింది ఆయన పాత కారు, దాని డ్రైవరు మట్టయ్య. పెళ్లాం జంగమ్మ చనిపోయాక మట్టయ్యతో రోజూ మాట్లాడేది ఆ కారొక్కటే. ఇంజను చప్పుడు మాటలెలా అవుతాయని నవ్వకండి. ఒంటరివాడికి ఏదైనా మాటే.

ఒకనాడు దొర దగ్గర్నుంచి కబురొచ్చింది. పట్నం పోయి అక్కడే ఉంటాడట, కారు మిర్యాలగూడకు తీసుకురమ్మన్నాడు. కారు వెంట డ్రైవరునూ తీసుకుపోతారు కదా అని మట్టయ్య ఆశ. కానీ ఇంజనులో టకటక మొదలైంది. పని మీద వచ్చిన కోదాడ మెకానిక్ సైదయ్య చెవి పెట్టి విన్నాడు.

"బేరింగు అరిగిపోయిందయ్యా. మెల్లగా తోలితే సరే. గట్టిగా తోలావంటే పది మైళ్లు దాటదు" అన్నాడు.

బండిని ఇలా పాడుచేసినవాడిని ఎవరు ఉంచుకుంటారని మట్టయ్యకు భయం పట్టుకుంది. స్టీరింగు కింది స్పార్కు పుల్లను పైకి నెట్టాడు. అలా నెడితే ఇంజనులో నిప్పు ఆలస్యంగా పడుతుంది, దెబ్బ మెత్తబడి చప్పుడు అణుగుతుంది. బలం తగ్గుతుంది, ఇంజను కాగిపోతుంది, అది వేరే సంగతి. మధ్యమధ్య ఆగి నీళ్లు పోస్తూ, పొద్దున బయల్దేరినవాడు పొద్దు వాలేవేళకు మిర్యాలగూడ చేరాడు.

దొర కారు చుట్టూ తిరిగి విన్నాడు.

"మస్తుగున్నది రా మట్టిగా. సప్పుడే లేదు. ఇంత మంచి బండిని ఎవడైన నడుపుతడు. మా అల్లుని డ్రైవరు గీడనే ఉన్నడు. నువ్వు గడీ కాడనే ఉండు."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. మట్టయ్య ఇక దాచలేదు.

"దొరా, బేరింగు పోయింది. సప్పుడు నేనే దాసిన. దీన్ని నేనైతెనే పట్నం దాంక తీస్కపోత."

అల్లుడి డ్రైవరు నవ్వాడు. "నౌకరి పోతదంటే అందరు గిదే చెప్తరు దొరా."

దొర కూడా నవ్వాడు. మట్టయ్య పుల్ల కిందికి లాగి వినిపించబోతే అల్లుడి డ్రైవరు అతని చేతిని పక్కకు నెట్టేశాడు. తాను అంత బాగా దాచాడు మరి, నిజం చెప్తే నమ్మేవాడు లేడు.

మర్నాడు పొద్దున్నే దొరను ఎక్కించుకుని కారు నల్లగొండ రోడ్డు పట్టింది. మట్టయ్య రోడ్డు మీద నిలబడి చూస్తున్నాడు. మొదటి ఎత్తు రాగానే, బండి లాగడం లేదని కొత్త డ్రైవరు పుల్ల కిందికి లాగినట్టున్నాడు. టకటక మొదలైంది. ఇప్పుడు వింటారు, ఆపుతారు, పిలుస్తారు అనుకున్నాడు మట్టయ్య. ఆపలేదు. లోపల మాటల్లో ఉన్నారేమో.

చప్పుడు వినిపించకుండా పోయాక అతనికి ఏడుపొచ్చింది. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. సూర్యాపేట పోయే దారి వెనక ఉంది. అటు తిరగలేదు. పది మైళ్లలో ఎక్కడో అది ఆగుతుంది, ఆగినచోట తన అవసరం పడుతుందని, కారు పోయిన వైపే నడక సాగించాడు.