డిస్కులు అక్కర్లేని రికార్డరు

"ఈసారి డిస్కులు రాసే రికార్డరు అక్కర్లేదు. కార్యక్రమాలు లోపలే దాచుకునేది చాలు," అన్నాడు యసుహికో, పేపరు మడుస్తూ.

మిత్సుయో అప్పుడు ఇంట్లోని బుద్ధుడి మందిరంలో పెట్టడానికి చిన్న ఇత్తడి గిన్నెలోకి అన్నం తీస్తోంది. పొద్దున్నే పొయ్యి మీంచి దిగిన అన్నంలో మొదటి ముద్ద అక్కడికి, తర్వాత భర్త యసుహికో గిన్నెలోకి, ఆఖరున తనకి. పుట్టింటి నుంచి వచ్చిన ఈ వరసలో ఆమెకి ఎన్నడూ తప్పు కనిపించలేదు. ఆ ఆదివారం మాత్రం గరిటె పట్టిన చెయ్యి గాలిలోనే ఆగింది.

డిస్కులు ఎందుకు అక్కర్లేదు? అవి వెళ్లేది ఒక్క చోటికే. మియజాకి కొండల్లో అత్తగారి ఊళ్లో ప్రైవేటు చానెళ్లు రెండంటే రెండే వస్తాయి. ఇక్కడ కొకురాలో అన్నీ వస్తాయి. మామగారు పోయిన కొత్తలో, "సాయంత్రం కత్తియుద్ధాల కాలం నాటి సీరియల్ మీకొస్తుందటగా" అని అత్తగారు కినుయే ఒక్క మాట అంటే, "మిత్సుయో రికార్డు చేసి పంపుతుందిలేమ్మా" అని యసుహికో ఫోనులోనే ఒప్పేసుకున్నాడు. అప్పటి నుంచి శనివారాలు ఆమెవి కావు. ప్రకటన మొదలైన చోట ఒక గుర్తు, అయిపోయిన చోట ఇంకో గుర్తు పెట్టి, మధ్యది కత్తిరించాలి. ఒక భాగం పూర్తయ్యేసరికి కళ్లు మండుతాయి. ఆ తర్వాత డిస్కుకి ఎక్కించాలి. ఇంకో ఇంట్లో ఆడాలంటే చివర్లో డిస్కుని మూసెయ్యాలి. మొదట్లో ఒకసారి ఆ మూసే పని మర్చిపోయింది. అత్తగారింట్లో తెర నల్లగా ఉండిపోయింది. "కోడలు ఖాళీ పళ్లెం పంపిందని అమ్మ అంటోంది," అని యసుహికో భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పాడు. ఆ మాట ఇన్నేళ్లలో అరగలేదు. అలసిపోయానని ఎప్పుడైనా అంటే, "బటన్లు నొక్కడమేగా, అదీ ఒక పనేనా," అంటాడు.

ఆ డిస్కులు అక్కర్లేదంటున్నాడంటే, చూసే మనిషి అక్కడ ఉండదన్నమాట.

ఆమె అన్నం గిన్నె మందిరంలో పెట్టి, అగరొత్తి వెలిగించి, మామగారి ఫోటోకి చేతులు జోడించింది. ప్రార్థన నోట్లో నడుస్తోంది కానీ మనసు వెనక గదిలో తిరుగుతోంది. పోయిన వారం ఆ గదిలో తన కుట్టుమిషను కిటికీ దగ్గర నుంచి తలుపు మూలకి జరిగింది. "గాలి ఆడట్లేదని జరిపాను," అన్నాడు. రిమోట్‌లో బ్యాటరీలు ఎటు పెట్టాలో తెలియని మనిషి, కొట్లోంచి రికార్డర్ల కరపత్రాలు తెచ్చి కళ్లజోడు పెట్టుకుని చదివాడు. తను పనిచేసే బడి వంటశాలలో పక్కన కూరలు తరిగే సుమిరెతో ఈ మాట చెబితే ఆవిడ కత్తి ఆపకుండానే, "మగాడికి ఇంటి సామాను మీద ప్రేమ పుట్టిందంటే ఇంకో ఇల్లు పెట్టాడేమో చూసుకో అక్కా," అంది. అందరూ నవ్వారు. మిత్సుయో కూడా నవ్వింది. ఇంకో ఇల్లు కాదు, ఉన్న ఇంట్లోనే ఏదో పెడుతున్నాడని ఆమె అనుమానం.

ఏప్రిల్ నుంచి ఆ వంటశాల బాధ్యతంతా ఆమెకి అప్పగిస్తామన్నారు. పార్ట్‌టైము మనిషిగా చేరి, బడి పిల్లలందరి మధ్యాహ్నం భోజనానికి పెద్ద కావడం చిన్న సంగతి కాదు. ఇంట్లో చెబితే యసుహికో, "ఊఁ, చూద్దాం," అన్నాడు. ఆ చూద్దాం ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ స్టేషను పక్కన ఎలక్ట్రానిక్స్ కొట్టుకి వెళ్లారు. హిరోసె అని బిళ్ల పెట్టుకున్న అమ్మాయి యసుహికోని చూడగానే నడుం వంచి నమస్కరించింది.

"మీరు మళ్లీ వస్తారనుకున్నాను సార్. హాల్లో రికార్డు చేసింది ఇంకో గదిలో టీవీకి పంపేది ఇదే. మీరు మొన్న చూసిన చిన్న టీవీ దీనికి కలుస్తుంది. పెద్ద బటన్ల రిమోట్ కూడా తెప్పించి ఉంచాం, పెద్దావిడకి కళ్లు ఆనవన్నారుగా."

"ఏ పెద్దావిడకి?" అడిగింది మిత్సుయో.

ఆ అమ్మాయి యసుహికో వంక చూసింది. యసుహికో కరపత్రం వంక చూశాడు. "ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం," అన్నాడు మెల్లగా.

"మీరు చూస్తూ ఉండండి," అని ఆమె బట్టలుతికే మిషన్ల వరస దాటి వెళ్లి, జనం లేని చోట నిలబడి అత్తగారికి ఫోను చేసింది.

"అత్తయ్యా, కొత్త రికార్డరు కొనడానికి వచ్చాం. డిస్కులు రాసేది తీసుకోమంటారా?"

"ఇంకా డిస్కులెందుకమ్మాయ్, నేనే వచ్చేస్తుంటే? నువ్వంతలా బతిమాలుతుంటే కాదనడం పాపమనిపించింది."

మిత్సుయో పక్కనున్న మిషను మీద చెయ్యి ఆనించింది. "నేను బతిమాలానని ఎవరన్నారు?"

"వాడే. నిన్ను ఒంటరిగా వదిలేశామని రోజూ ఏడుస్తోందమ్మా, నీ కోసం వంటశాల పని కూడా మానేస్తానంటోంది అన్నాడు. ఏం, నువ్వనలేదా?"

అన్నానంటే ఆ ముసలి ప్రాణం సంతోషిస్తుంది. ఏప్రిల్ పోతుంది, కిటికీ పోతుంది, ఆ తర్వాత వచ్చే ఏళ్లన్నీ తను కోరుకున్నవే అయిపోతాయి. అనలేదంటే, వద్దన్న కోడలిగా మిగిలిపోతుంది. ఒకరి మనసు కాపాడటానికి ఆడిన అబద్ధాన్ని బుద్ధుడు క్షమిస్తాడని పెద్దలు చెప్పగా వింది. అయితే ఆ అబద్ధం తనది కాదు. ఎవరో ఆడినదాన్ని తను మొయ్యాలా?

"లేదత్తయ్యా. నన్నెవరూ అడగలేదు."

అవతల కెటిల్ కూత సన్నగా వినిపించి ఆగింది.

"నన్నూ అడగలేదమ్మాయ్. చెప్పాడంతే. నా చిలగడదుంపల మడి ఏం కావాలిరా అంటే, అవన్నీ నేను చూసుకుంటాలే అన్నాడు."

"మీకు రావాలనుందా?"

"నడుం పట్టేసిన రోజు పక్కన ఎవరైనా ఉంటే బాగుండుననిపిస్తుంది. మిగతా రోజులు నా ఇల్లు నాకు చాలు."

మిత్సుయో పెట్టేద్దామనుకుని, పెట్టలేక అడిగింది. "అత్తయ్యా, మొదట్లో ఒక డిస్కు ఆడలేదు, గుర్తుందా? కోడలు ఖాళీ పళ్లెం పంపిందని అన్నారట."

"ఏ పళ్లెం? అమ్మాయికి ఒంట్లో బాగాలేదేమో కనుక్కోరా అన్నాను. నువ్వు ఎప్పుడూ తిరిగి చెప్పలేదేమిటా అని కూడా అనుకున్నాను."

ఫోను పెట్టేశాక ఆమె అక్కడే నిలబడింది. ఇన్నేళ్లలో అత్తగారి మాటలుగా తను విన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పులుసు ఉప్పు కషాయమని, ఉద్యోగం చేసే కోడలికి ఇల్లెక్కడ పడుతుందని. ఒక్కటీ ఆవిడ నోట వినలేదు. ఇన్నాళ్లూ తను ఎవరి మీద కోపం పెట్టుకుంది? అక్కడ ఆవిడ చెవిలో తన మాటలుగా ఏమేం పడ్డాయో. ఒకే మనిషి గొంతులోంచి ఒకరి మాటలు ఒకరు విన్న ఇద్దరు ఆడవాళ్లు, ఇన్నాళ్లూ ఒకరినొకరు భరించారు.

వెనక్కి వచ్చేసరికి యసుహికో పెట్టె ఎత్తించబోతున్నాడు.

"అది వద్దమ్మా. డిస్కులు రాసేది ఇవ్వు," అంది హిరోసెతో.

"ఎందుకే?" అన్నాడు యసుహికో.

"అత్తయ్య రావట్లేదు. ఇప్పుడే మాట్లాడుకున్నాం, మేమిద్దరమే."

అతని మొహంలో రంగు మారింది. "కాలుజారి పడితే ఎవరు దిక్కు? రోజూ మందిరం ముందు చేతులు జోడిస్తావు. ఇదేనా నీ భక్తి?"

"దిక్కెవరో ఆవిడనే అడుగుదాం. నెలనెలా మీరు వెళ్లిరావచ్చు, ఊళ్లో సాయానికి మనిషిని కుదర్చవచ్చు, ఒకనాటికి ఆవిడే వస్తానంటే రావచ్చు. అడిగితే నేనూ ఆలోచించేదాన్ని. ఏప్రిల్లో మాత్రం నేను వంటశాల బాధ్యత తీసుకుంటున్నాను. ఆ సంగతి రేపే చెప్పేస్తాను." గొంతు పెంచలేదు. హిరోసె వైపు తిరిగింది. "అమ్మా, ప్రకటనలు ఎలా కత్తిరించాలో, డిస్కుకి ఎలా ఎక్కించాలో ఈయనకి నేర్పుతావా? నిదానంగా. వచ్చే శనివారం నుంచి ఈయనే చేస్తారు."

హిరోసె నవ్వు దాచుకుని రిమోట్ యసుహికో చేతిలో పెట్టింది. జనం చూస్తున్నారు కాబట్టి అతను పుచ్చుకున్నాడు.

ఎదురుగా, ఒళ్లు పట్టే కుర్చీలు వరసగా పెట్టి ఉన్నాయి. కొట్టుకొచ్చిన ప్రతిసారీ వాటిని దాటి వెళ్లడమే తప్ప మిత్సుయో ఎన్నడూ కూర్చోలేదు. ఒకదాంట్లో కూర్చుని, బటను నొక్కి, కళ్లు మూసుకుంది. వీపు కింద ఏదో మెల్లగా కదలడం మొదలైంది.

"మిత్సుయో," అని పిలిచాడు యసుహికో కాసేపటికి. "చివర్లో డిస్కు మూసెయ్యాలంటోంది. మర్చిపోతే ఏమవుతుంది?"

"అత్తయ్యకి తెర నల్లగా కనిపిస్తుంది," అంది ఆమె కళ్లు తెరవకుండా. "అప్పుడు ఆవిడ ఏమంటారో, ఈసారి నేను విని మీకు చెబుతాను."