రెండు చేతులూ కనిపించే ఫోన్

మా మరిది దేవరాజ్‌కు కొత్త ఫోన్ కొనాలనుకున్నప్పుడు మా ఆయన మల్లికార్జున్ ఒక ఆదివారమంతా కూర్చుని వడపోసి రెండింటిని మిగిల్చారు. రెండూ ఫైవ్‌జీవే, రెండూ మా తాహతుకు అందేవే. ఒకటి నీలం, ఒకటి నలుపు. నీలం దానికి బ్యాటరీ పెద్దది, వెనక కెమెరా గొప్పది, స్పీకర్లు రెండు. నలుపు దానికి ముందు కెమెరా నయం, సిగ్నల్‌ను పట్టుకోవడంలో చురుకు, చూడటానికి మాత్రం సబ్బుపెట్టెలా ఉంటుంది. ఇదంతా పక్కపక్క గడుల్లో రాసి నాకు చదివి వినిపించారు. మా పెళ్లప్పుడు జాతకాలు కూడా ఇంత శ్రద్ధగా చూసి ఉండరు. చూసి ఉంటే ఆయన ఆదివారాలు వేరేగా గడిచేవి.

"స్పీకర్లు రెండున్నాయి. నీలమే వాల్యూ ఫర్ మనీ," అని తేల్చారు.

దేవరాజ్‌కు పుట్టుకతోనే వినపడదు. సొంత తమ్ముడి సంగతి ఆయనకు తెలియక కాదు. గడులు నింపే పనిలో పడితే ఆయనకు మనుషులు గుర్తుండరు, అంతే.

దేవరాజ్ పీణ్యలో ఒక మెషిన్ షాపులో లేత్ మీద పనిచేస్తాడు. పొద్దున్నే మా కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి పోతాడు. షాపులో ఆ మోతకు అందరూ చెవుల్లో దూది పెట్టుకుని తలనొప్పితో ఇంటికి వెళితే, ఇతనొక్కడే పొద్దున వెళ్లినట్టే తాజాగా తిరిగొస్తాడు. చేతులతో మాట్లాడేటప్పుడు నాకు ఒక పేరు పెట్టుకున్నాడు: గరిటె నాలుకకు తగిలించి, ఉప్పెక్కువైనట్టు మొహం చిట్లించడం. అదే వదిన. నేను చదివిన బీకాం ఎక్కడా ఖర్చు కాలేదు గాని, పెళ్లయ్యాక అతని దగ్గర నేర్చుకున్న ఆ భాష మాత్రం రోజూ పనికొస్తుంది. మా అత్తగారు సుబ్బలక్ష్మమ్మకు తిండికీ స్నానానికీ కోపానికీ సరిపడా సైగలు వచ్చు. మా ఆయనకు అవీ అరకొరే.

ఫోన్ కొనడానికి కారణం హరిణి. ఇక్కడ వినపడని పిల్లల బడిలో దేవరాజ్‌తో కలిసి చదువుకుంది. చదువయ్యాక సొంతూరు బాగేపల్లికి వెళ్లి, ఇంట్లోనే రవికలు కుడుతోంది. ఏళ్ల తరబడి సాయంత్రమైతే ఇద్దరికీ వీడియో కాల్. మనం మాట్లాడుకునేటప్పుడు బొమ్మ పోతే గొంతయినా మిగులుతుంది. వాళ్లకు బొమ్మే గొంతు. దేవరాజ్ పాత ఫోన్‌లో ఆ అమ్మాయి చేతులు మంచులో ఊపినట్టు మసకబారేవి. ఒక్కోసారి బొమ్మ మొత్తం బిగుసుకుపోయేది. అందుకు ఇద్దరూ ఒక గుర్తు పెట్టుకున్నారు. అవతలి బొమ్మ ఆగితే రెండు అరచేతులూ ఎత్తి చూపించాలి, ఆగింది, ఉండు అని. అలా చూపించి ఇతను ఫోన్ పైకెత్తుకుని మేడ మీద నీళ్ల ట్యాంకు దగ్గరికి పరుగెత్తేవాడు. పై గదిలో అద్దెకుండే సాఫ్ట్‌వేర్ పిల్లలు అది చూసి, అక్కడే సిగ్నల్ బాగుంటుందనుకుని, తామూ ట్యాంకు చుట్టూ చేరారు. గుడి కట్టడం ఒక్కటే తక్కువ.

హరిణిని కోడలిగా తెచ్చుకోవడానికి మా అత్తగారు చాన్నాళ్లు ఒప్పుకోలేదు. వినపడే పిల్లే కావాలన్నారు.

"ఇద్దురికీ వినపడకపోతే, రేపు బిడ్డ ఏడిస్తే ఎవురమ్మా లేసేది?" అన్నారు ఒకరోజు.

"నేనుండాను గదా అత్తమ్మా," అన్నాను, ఆమె యాసలోనే ఆమెకు తిప్పి.

ఆమె నన్ను కింద నుంచి పై దాకా చూసి, నా మొద్దునిద్ర సంగతి గుర్తొచ్చి కొంచెం సందేహించి, చివరికి సరేనన్నారు.

అప్పుడు దేవరాజ్ ఒక షరతు పెట్టాడు. పెద్దవాళ్లు ఆకువక్కలతో బాగేపల్లికి బయలుదేరే ముందు, హరిణిని తనే అడగాలి. మెసేజ్‌లో రాయమంటే ఒప్పుకోలేదు. రాత వాళ్లిద్దరికీ అరువు భాష. ఇది అరువు తెచ్చి అడిగే మాట కాదన్నాడు. వెళ్లి అడగమంటే, వాళ్ల నాన్న చండశాసనుడు, ఒంటరిగా వెళితే ఆ పిల్లకే మాటొస్తుందన్నాడు. కాబట్టి ఫోన్‌లోనే, చేతులతోనే.

అడిగాడు. సరిగ్గా అప్పుడే బొమ్మ ఆగిపోయింది. ఇతను అరచేతులెత్తాడు, మేడ మీదికి పరుగెత్తాడు. ఆ అమ్మాయి మళ్లీ కదిలేసరికి, తిన్నావా, ఇవాళ సూది విరిగింది, అంటూ వేరే కబుర్లు. తన మాట చేరలేదనుకున్నాడు. మరోసారి ధైర్యం కూడగట్టుకోవడానికి వారాలు పట్టింది. ఆ రోజూ అక్కడే ఆగింది. మూడోసారి అరచేతులెత్తేలోపు ఏకంగా వీడియో కాల్ తెగిపోయింది. ఆ రోజు అతను మేడ దిగొచ్చి ఫోన్‌ను బియ్యం డబ్బా మీద పడేసిన తీరు చూసి, ఆ ఫోన్ మీద నాకే ఒళ్లు మండింది. ఒక మనిషి ఒక మాట అడిగి, దానికి జవాబు కళ్లారా చూడాలి. ఈ కాలంలో అదొక గొంతెమ్మ కోరికా?

అలా మేము కొట్టుకు వెళ్లాం. సేల్స్‌మన్ మాకు ముందు నీలం ఫోన్ చూపించి, అందులో పాట పెట్టి, సౌండు ఆఖరి దాకా పెంచి దేవరాజ్ మొహం ముందుంచాడు. దేవరాజ్ మర్యాదస్తుడు. ఫోన్ వెనక అరచెయ్యి ఆనించి, ఆ అదురు కాసేపు చూసి, బాగుందన్నట్టు తలూపాడు.

"బాస్ ఎట్లుంది సార్?" అన్నాడతను.

"ఇంత బాగా ఎప్పుడూ వినలేదంటున్నాడు," అన్నాను నేను.

అబద్ధమేమీ కాదు.

తర్వాత నా పద్ధతిలో పరీక్ష మొదలుపెట్టాను. దేవరాజ్ సిమ్ నీలం దాంట్లో వేయించి అతన్ని కొట్లో నిలబెట్టి, నేను నా ఫోన్‌తో రోడ్డు దాటి టిఫిన్ హోటల్ ముందుకు వెళ్లాను. ఫోన్ అక్కడి బల్ల మీద నిలబెట్టి, రెండు చేతులతో చెప్పగలిగినంత వేగంగా చెప్పాను: షుగర్ ఉందని డాక్టర్ వద్దన్నా అత్తమ్మ బీరువాలో చీరల కింద మైసూర్‌పాక్ దాచుకుంటోందని. ఇడ్లీ తింటున్నవాళ్లు నమలడం ఆపారు. ఒక ఆటో వచ్చి ఆగి, ఎల్లిగె మేడమ్, ఎక్కడికి, అన్నది. నీలం ఫోన్‌లో నా వేళ్లు ఉడికిన సేమియాలా అతుక్కుపోయాయట. పైగా నా ఫోన్‌లో అతని మొహం కనిపిస్తే చేతులు బయటికి పోతున్నాయి, చేతులు కనిపిస్తే మొహం పోతోంది. సిమ్ మార్చి నలుపు దాంతో మళ్లీ చెప్పాను. ఈసారి నా ఫోన్‌లో దేవరాజ్ పగలబడి నవ్వడం కనిపించింది. ఏ చీర కిందో కూడా అర్థమైందన్నాడు.

నలుపే కొన్నాం. రెండు స్పీకర్లు చేజారాయని మా ఆయన ఆ పూటంతా ముభావంగా ఉన్నారు. అత్తగారు ఫోన్‌కు బొట్టు పెట్టి కర్పూరం చూపించారు. కెమెరా మీద కుంకుమ పడితే చీర కొంగుతో నేనే తుడిచాను.

ఆ సాయంత్రం దేవరాజ్ గళ్లూ గీతలూ లేని ముదురు నీలం చొక్కా వేసుకున్నాడు. దాని మీదైతే చేతులు బాగా కనిపిస్తాయి. అన్నం బల్ల మీద చక్కెర డబ్బాకు ఫోన్ ఆనించాడు. నన్ను అక్కడే ఉండమన్నాడు, కొత్త ఫోన్ కదా, ఏదైనా తేడా వస్తే చూడటానికి. అత్తగారూ నేనూ ఫోన్‌కు కనపడకుండా పక్కన కూర్చుని గింజల కోసం అనపకాయలు ఒలుస్తున్నాం. చూడనట్టు నటించడం అత్తగారి వంతు. ఆమె దాన్ని చాలా అధ్వానంగా చేస్తున్నారు.

హరిణి వచ్చింది. ఎంత స్పష్టంగా వచ్చిందంటే, భుజం మీద అంటుకున్న దారం ముక్క, మెడలో వేలాడుతున్న కొలత టేపు మీది అంకెలు కూడా కనిపించాయి. భుజం మీద దారం ఉంది తీసుకో, అన్నాడు దేవరాజ్, గర్వంగా. నువ్వు లావయ్యావు, పాత ఫోన్‌లో తెలియలేదు, అన్నదామె. ఇద్దరూ నవ్వుకున్నారు. అతను చేతులు ఒకసారి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"మా వాళ్లు మీ ఇంటికి రావాలనుకుంటున్నారు," అన్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా, నిదానంగా. "నాకు నువ్వు కావాలి. నీకు?"

ఆ అమ్మాయి చేతులు ఒడిలోకి జారాయి. మొహం బిగుసుకుపోయింది. రెప్ప కూడా కదలలేదు.

దేవరాజ్ అలవాటు కొద్దీ రెండు అరచేతులూ ఎత్తాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఫోన్ మీద కోపం, కొట్టువాడి మీద కోపం, అంతా మొహంలో ఉంది. "వదినా, ఇది కూడా ఆగింది," అన్నాడు.

నేను వంగి చూశాను. ఆమె తల మీద ఫ్యాన్ తిరుగుతోంది. ఆ గాలికి మెడలోని టేపు చివర లేచి పడుతోంది.

ఒక అబద్ధం నా వేళ్ల దాకా వచ్చింది. అవును, ఆగింది, రేపే వెళ్లి మార్చేద్దాం, నీలమే తెచ్చుకుందాం. చేతుల నిండా అనపకాయలున్నాయన్న వంకతో నేనేమీ చెప్పలేదు. అతను మళ్లీ ఫోన్ వైపు తిరిగాడు. ఎత్తిన అరచేతుల మధ్య నుంచి టేపు చివర ఊగడం చూశాడు. అరచేతులు ఒకదాని తర్వాత ఒకటి కిందికి వచ్చాయి.

అప్పుడు హరిణి చేతులు ఒడిలోంచి తీసింది.

"నెట్ బాగుంది," అన్నది. "నువ్వు అడిగినప్పుడు పాత ఫోన్‌లో కూడా ఆగలేదు. నేనే కదలకుండా కూర్చున్నా. నీ మాట చేరలేదని నువ్వు అనుకుంటే చాలనుకున్నా."

వాళ్ల నాన్న వినపడే అబ్బాయిని చూశాడట. తాంబూలాలు కూడా అయిపోయాయి. శ్రావణంలో పెళ్లి. బిడ్డ ఏడిస్తే ఎవరు లేస్తారు అన్నాడట ఆయన. మా అత్తగారు అన్న మాటే. దానికి నా దగ్గర జవాబుంది, కానీ బాగేపల్లిలో నన్నెవరూ అడగలేదు.

దేవరాజ్ అడిగాడు, ఆ అబ్బాయికి చేతులతో మాట్లాడటం వచ్చా అని.

"నేర్చుకుంటానన్నాడు," అన్నది హరిణి. "ఇప్పటికి నమస్కారం వచ్చింది."

కాల్ ఎవరు ముగించారో నేను చూడలేదు. చూడకూడదని కాయలకేసే చూస్తున్నాను. అత్తగారు మాత్రం ఆత్రం ఆపుకోలేకపోయారు.

"ఏమప్పా దేవూ, ఫోను బాగుండాదా?" అని చెయ్యి తిప్పి అడిగారు.

దేవరాజ్ ఆమెకు అర్థమయ్యే సైగే ఎంచుకున్నాడు. ఫోన్‌ను చూపించి, బొటనవేలు పైకెత్తాడు. ఫోన్ మంచిది. తర్వాత లేచి, ఆ ముదురు చొక్కా విప్పడానికి లోపలికి వెళ్లాడు.

"నేను కర్పూరం సూపిస్తిని గదా," అన్నారు అత్తగారు సంతోషంగా. నా మొహం చూసి, "ఏమే శశీ? ఏమనింది ఆ పిల్ల?" అన్నారు. చెప్పాను. ఆమె అనపగింజలు పొట్టులో వేస్తూ, పొట్టు గిన్నెలో వేస్తూ అలాగే ఒలిచారు. ఆ తర్వాత నేను మొత్తం మళ్లీ ఏరుకున్నాను.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మా ఆయన, పది రోజుల్లోపు ఫోన్ మార్చుకోవచ్చట, అన్నారు. నా వంక చూసి, మిగతా కాఫీ చప్పుడు చేయకుండా తాగారు.

తర్వాత ఒక మధ్యాహ్నం పీణ్య నుంచి నాకు వీడియో కాల్ వచ్చింది. దేవరాజ్ పనిలో ఉండగా ఎప్పుడూ చేయడు. భోజనాల వేళ, లేత్ పక్కన ఫోన్ నిలబెట్టుకుని కూర్చున్నాడు. రాత్రికి ఏం కూర అని అడిగాడు. గుత్తివంకాయ అన్నాను. ఉప్పు తగ్గించు అన్నాడు. అయితే నువ్వు నాకు పెట్టిన పేరు మారుస్తావా అన్నాను. కొంచెం నవ్వాడు. ఇంకేదో చెప్పబోయి చేతులెత్తాడు. ఎత్తిన చేతులు తొడల మీదికి వచ్చి ఆగిపోయాయి.

అతని వెనక ఎవరిదో మెషిన్ మీద చక్రం తిరుగుతోంది.

నేను అరచేతులు ఎత్తలేదు. స్టవ్ కట్టేసి, ఫోన్‌ను పప్పుల డబ్బాకు ఆనించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.