ఎనిమిదేళ్ల చింతగింజ

నారాయణఖేడ్ కతోలికుల్లో అక్షరం ముక్క వచ్చినవాడు మతపాఠాలు చెప్పే దేవానందం ఉపదేశి ఒక్కడే. తక్కినవాళ్లకు తమ పాపాలు గుర్తుండేవి కావు. పక్కింటివాళ్లవైతే ఏ పండుగనాడు చేశారో సహా గుర్తుండేవి. అందుకని ఉపదేశి ఒక పద్ధతి పెట్టాడు. పాపం చేసిననాడే ఒక చింతగింజ కొంగున ముడేసుకోవాలి. ఏడాదికి రెండుసార్లు బీదరు దిక్కునుంచి గుర్రమెక్కి వచ్చే పాద్రి సామి ముందు మోకరించి, గింజకొకటి చొప్పున పాపాలు చెప్పుకుని, విమోచనం పొంది, గుడిసె గుడి బయట ఉన్న కుండలో గింజలు వేసి పోవాలి. కుండ నిండితే ఉపదేశి భార్య వాటిని వేయించి పిల్లలకు పంచేది. పాపం ఎప్పుడూ రుచే కదా.

జగదేవి అన్ని గింజలూ కుండలో వేసేది, ఒక్కటి తప్ప. చీరలు చిరిగి మారాయి కానీ ఎనిమిదేళ్లుగా ముడిలో ఆ గింజ మాత్రం అదే.

ఎనిమిదేళ్ల కిందటి కరువేడు ఆమె చంకలో ఆరు నెలల మహానంద. రొమ్ములో పాలు ఎండిపోయాయి, గంజికి గుప్పెడు జొన్నలు లేవు. గోడవతల బిస్మిల్లాబీ మేక ఉంది. నలభై రోజులు తెల్లవారుజామునే గోడ దాటి, చెంబులో పాలు పిండుకొచ్చి బిడ్డకు పట్టింది. బిడ్డ బతికింది.

వచ్చిన ప్రతి సామికీ "దొంగతనం చేసిన" అని చెప్పింది. వాళ్లు విమోచనం ఇచ్చారు. కానీ ఉపదేశి నేర్పిన మాట ఆమెను ముల్లులా గుచ్చేది: చేసినదానికి మనస్తాపం, అంటే పశ్చాత్తాపం, లేకపోతే, మళ్లీ చెయ్యనని అనుకోకపోతే, సామి ముందు పాపాలు ఒప్పుకున్న ఆ పాపసంకీర్తనం చెల్లదు. జగదేవికి ఎంత ప్రయత్నించినా మనస్తాపం రాలేదు. బిడ్డ మొహం చూస్తే సంతోషమే వచ్చేది. మళ్లీ అలాంటి కరువొస్తే మళ్లీ గోడ దూకుతుంది. చెల్లని సంకీర్తనంతో, సామి నాలుక మీద పెట్టే సత్ప్రసాదం తీసుకుంటే ఇంకో పాపమని, ఎనిమిదేళ్లూ పూజలో వెనకనే కూర్చుండిపోయింది.

ఇప్పుడు మహానందకు మొదటి సత్ప్రసాదం.

"అమ్మా, రేపు నా పక్కపొంటి మోకాళ్లేస్తవ్ గదా?" అని అడిగింది పిల్ల. జగదేవి కొంగుముడిలోని గింజను తడిమి చూసుకుంది.

ఆ మధ్యాహ్నం గింజ పట్టుకుని సామి ముందుకు పోయింది. ఇటలీనుంచి వచ్చిన ముసలాయన, తెలుగు పుస్తకంలో నేర్చుకున్నాడు. ఆమె ఈసారి పాల సంగతంతా చెప్పేసింది.

"నాకు బాధయితలేదు సామీ. అయితుందని నోటితోని చెప్త, గని దేవునికి తెలుసు గద."

సామి గడ్డం నిమురుకుంటూ అన్నాడు.

"అమ్మా, వేరే దారి లేక చావబోయే బిడ్డకు పాలు తెచ్చావు. అది దొంగతనం కాదు. దానికి ఏడవమని దేవుడు నిన్ను అడగడు."

జగదేవి తేలికపడాలి. పడలేదు. చేతిలో గింజ అలాగే నలుపుతూ ఉంది. సామి అది చూశాడు.

"మరి ఇంకా ఏమున్నది?"

"ఆఖరి రోజుల్ల, పాలు తక్కువయితున్నయని బిస్మిల్లాబీ కోడల్ని పట్టుకున్నది సామీ. సయీదానే తాగుతుందని కొట్టి, మనూర్‌కు తల్లిగారింటికి తోలింది. మూడు నెల్లు. కొత్త పెళ్లికూతురు. నేను గోడకాడ నిలవడి అంత ఇన్న. నోరు తెరవలే..."

ఎనిమిదేళ్లుగా రమ్మంటే రాని ఏడుపు పిలవకుండానే వచ్చింది.

"ఇదీ నీ పాపం. ఇదీ నీ మనస్తాపం," అన్నాడు సామి మెల్లగా. "మళ్లీ ఇలా నోరు మూసుకుంటావా?"

"మూసుకోను సామీ. సచ్చినా మూసుకోను."

సామి చెయ్యెత్తి విమోచనం ఇచ్చాడు. పరిహారంగా ఒక జపమాల చెప్పుకోమని, అంతకన్నా ముందు సయీదా గడప తొక్కమని చెప్పాడు.

బిస్మిల్లాబీ పోయి మూడేళ్లయింది. సయీదా బేగం వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. కూర్చుంటే ధైర్యం పోతుందని జగదేవి నిలబడే అంతా చెప్పింది. చేట ఆగిపోయింది.

"మూడు నెల్లు అక్కా. మా అబ్బా, కన్నతండ్రి, నా మొహం సూడలే."

"ఎరుకే."

"ఎరుకుండి ఊకున్నవ్."

జగదేవి తల దించుకుంది. సయీదా జొన్నల్లో రాళ్లేరింది. తర్వాత చేట పక్కన పెట్టింది.

"మాపటి పాలు నేనే తాగేదాన్ని, ఆకలాగక. పొద్దటి పాలు ఎట్ల మాయమయితున్నయో సమజ్ కాకపోయేది. షైతాన్ వస్తుందని దువా చదివేదాన్ని. గా షైతాన్‌వు నువ్వేనా?"

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వి నవ్వి సయీదా కళ్లు తుడుచుకుంది.

"పొద్దటి పాలకు గా దెబ్బలు ఉత్తగ తిన్ననని ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్న. గా పాలతోని ఒక పొల్ల బతికిందా? ఇగ మాఫ్ అక్కా. పో."

మరునాడు పొద్దున పూజలో జగదేవి కూతురి పక్కన మోకరించింది. సత్ప్రసాదం నాలుక మీద పెట్టగానే కళ్లు మూసుకుని దేవునికి, సామికి, సయీదాకు దండాలు పెట్టుకుంది. మేకను కూడా మరవలేదు.

బయటికొచ్చి గింజను కుండలో వేసింది. ఎదురుగా సయీదా నిలబడి ఉంది, చేతిలో గోరువెచ్చని మేకపాల చెంబు. సత్ప్రసాదం కోసం రాత్రినుంచి ఉపాసమున్న మహానంద ముందు వంగింది.

"తాగు బేటీ," అంది. "ఎప్పుడు గావాలన్నా అడుగు. మీ అమ్మ లెక్క గోడలు దుంకకు."

పిల్ల గటగటా తాగుతుంటే జగదేవి చూస్తూ నిలబడింది. ఎనిమిదేళ్ల క్రితం ఆ గడప తొక్కి అడిగి ఉంటే, ఈ చెయ్యి అప్పుడు కూడా ఇచ్చేదే కదా అనుకుంది.