పోను రెండు, రాను ఏడు

నేను ఒక రేకు బోర్డును. ఒంటి మీద అబద్ధం రాయించుకునే పుట్టాను, అదీ పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలతో. శంషాబాద్‌లో గల్ఫ్ టికెట్లు ఇప్పించే జంగయ్య తన దుకాణం ముందు వేలాడదీయడానికి నన్ను చేయించాడు. 'హైదరాబాద్ – కువైట్: మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు. పోను రెండు గంటలు, రాను ఏడు గంటలు.'

ఆ లెక్క ఆయన టికెట్లు చూసి తేల్చాడు. ఇక్కడ పదింటికి ఎక్కితే అక్కడ పన్నెండింటికి దిగుతారు. అక్కడ పదింటికి ఎక్కితే ఇక్కడ ఐదింటికి దిగుతారు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుందన్న సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. ఒకే దారికి రెండు లెక్కలేమిటని పెయింటర్ కుంచె ఆపి అడిగాడు.

"పోయేటోడు ఒట్టి చేతులతోని పోతడు. వచ్చేటోడు కంబళ్లు, టీవీలు మోసుకొస్తడు. బరువుకు విమానం నడవదు" అన్నాడు జంగయ్య.

పెయింటర్ తలూపాడు. తర్వాత ఆరేళ్లపాటు ఊరంతా తలూపింది. కువైట్ పోయొచ్చినవాళ్లు సైతం నా ముందు నిలబడి, "నిజమే, వచ్చేటప్పుడు నడుములు పడిపోతయి" అన్నారు. తాము స్వయంగా అనుభవించినదాన్ని కూడా బోర్డు చూసి దిద్దుకునే గుణం మనుషులకే ఉంది.

నవనీత పెళ్లినాడు నా గౌరవం మరీ పెరిగింది. తండ్రి లేని పిల్ల. పెళ్లికొడుకు కాళ్లు కడిగి కన్యాదానం చేయవలసింది కువైట్‌లో డ్రైవరుగా ఉన్న అన్న బాల్‌రాజు, ఇక్కడే ఉన్న వదిన. అయ్యగారు ఆ రోజుకు రెండు ముహూర్తాలు చెప్పారు: సాయంత్రం నాలుగూ నలభై ఐదు, ఆరూ యాభై. అన్న కోసం నవనీత పట్టుబట్టి రెండోది ఖాయం చేయించింది.

మన గడియారంలో పన్నెండున్నరకు బాల్‌రాజు ఫోన్ చేశాడు. విమానం కదులుతోందని చెప్పి ఫోన్ ఆపేశాడు. నవనీత పెద్దనాయిన వేళ్ల మీద ఏడు గంటలు కలిపాడు. రాత్రి ఏడున్నర. సాక్ష్యానికి నన్ను దుకాణం నుంచి దింపి, మోటారు సైకిల్ మీద ఫంక్షన్ హాలుకు తెప్పించి, మండపం పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. నాకు పన్నీరు చల్లడం ఒక్కటే తక్కువ.

"ఏ ముహూర్తానికీ అందడు. చుట్టాలను ఆకలికి ఎందుకు ఆపుడు? మొదటిదే కానియ్యుండ్రి" అన్నాడు పెద్దనాయిన.

"అన్న వస్తనన్నడు పెద్దనాయినా. ఆరూ యాభై దాక చూద్దం."

"బోర్డు మీదనే రాసుంది గద బిడ్డా" అన్నాడు జంగయ్య, ఓదారుస్తూ.

నేనూ నమ్మాను. నా ఒంటి మీదున్నది తప్ప నాకు వేరే చదువు లేదు. పెళ్లికొడుకు కాళ్లు పెద్దనాయిన కడిగాడు.

ఐదూ నలభై ఐదుకు బాల్‌రాజు పెట్టె ఈడ్చుకుంటూ హాల్లోకి వచ్చాడు. అప్పటికి రెండో బంతి నడుస్తోంది. చెల్లెలి మెడలో తాళి చూసి ఆగిపోయాడు.

"ముహూర్తం ఆరూ యాభైకి గద?"

నా మీద మాత్రం ఒక్కరికీ అనుమానం రాలేదు. "ఇయ్యాల విమానం జల్ది వచ్చినట్టుంది" అని జంగయ్య తేల్చాడు. పెద్దలు అవునన్నారు. నాకు మాత్రం ఆ అన్న ముఖం చూశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

సందట్లో వంటవాడు నన్ను ఎత్తుకుపోయి అన్నం గంజు మీద మూతగా పెట్టాడు. ఇప్పటికీ నాది అదే ఉద్యోగం. ఆఖరి బంతిలో అన్నాచెల్లెళ్లు నా ఎదురుగానే కూర్చున్నారు. ఇద్దరూ ముద్ద ఎత్తలేదు.

"నిజంగ ఎన్ని గంటలు పడ్తది అన్నా?"

"నాలుగున్నర."

నవనీత విస్తరి మీదనుంచి కళ్లెత్తలేదు.

"ఒక్క గంట ఆగలేకపోయినం అన్నా" అంది.